వెనక చక్రం హబ్బుకు నీళ్ల లెక్క



ఈ పూట మన బళ్ల వెనక చక్రాల గురించి చెప్పుకుందాం. హబ్బు లోపల ఉండే బేరింగులు, వాటికి కాపలా ఉండే ఆయిల్ సీళ్లు ఎందుకు పాడవుతాయి, ఎప్పుడు విప్పాలి, విప్పితే ఏం చూడాలి అన్నదే ఈ ప్రసంగం. జీపు ఉన్నవారు, పికప్పు బండి మీద జీడి బస్తాలో కొబ్బరికాయలో తోలేవారు, చేపల పెట్టెలు దించేవారు, షెడ్డులో పని నేర్చుకుంటున్న కుర్రాళ్లు కాస్త శ్రద్ధగా వినండి. బండి నడపకపోయినా, ఆ బళ్ల వెనక బల్ల మీద కూర్చుని సంతకు వెళ్లే అమ్మలు, అప్పలు కూడా వినాలి. ఆ చక్రం మోసేది మీ బరువే.

ముందు మన శ్రీకాకుళం దారుల సంగతి చూద్దాం. పలాస-కాశీబుగ్గ దాటి తూర్పుకు తిరిగితే ఉద్దానం. వజ్రపుకొత్తూరు నుంచి సోంపేట, కవిటి దాకా కొబ్బరి తోటలు, జీడి తోటలు. తారు రోడ్డు దిగి తోటలోకి మళ్లామంటే ఇసక దారే. ఉత్తరానికి వెళ్తే మందస, ఆ పైన మహేంద్రగిరి అంచు. అక్కడ రాళ్ల దారులు, వానాకాలంలో పొంగే గెడ్డలు. దక్షిణాన టెక్కలి వైపు గ్రానైటు క్వారీల దుమ్ము, నౌపడా ఉప్పు మడులు, భావనపాడు సముద్రం ఒడ్డు. మన దగ్గర తిరిగే బండి ఒక్క వారంలోనే ఇసక, రాతి దుమ్ము, గెడ్డ నీరు, ఉప్పు నీరు అన్నీ చూస్తుంది. హైవే మీద మాత్రమే నడిచే కారుకూ దీనికీ ఒకే సర్వీసు లెక్క సరిపోదు. నేను ఈరోజు చెప్పదలచిన మాట అదే. మన తీరంలో వెనక హబ్బుకు కిలోమీటర్ల లెక్క చాలదు, నీళ్ల లెక్క కావాలి. బండి ఎన్ని వేల కిలోమీటర్లు తిరిగిందో మీటరు చెబుతుంది. ఎన్నిసార్లు హబ్బు మునిగిందో మనమే గుర్తుపెట్టుకోవాలి.

హబ్బు లోపల ఏముంటుందో చూద్దాం. చాలా బళ్లలో బరువు మోసేది ట్యాపర్ రోలర్ బేరింగు. లోపల కోను, దాని చుట్టూ ఏటవాలుగా అమర్చిన రోలర్లు, వాటిని పట్టి ఉంచే కేజి, బయట కప్పు. గుర్రబ్బళ్లు తయారుచేసే హెన్రీ టిమ్కెన్ అనే ఆయన 1898లో అమెరికాలో ఈ రకం బేరింగుకు పేటెంటు తీసుకున్నాడు. బండి మలుపు తిరిగినప్పుడు బరువు పై నుంచే కాక పక్క నుంచి కూడా ఇరుసు మీద పడుతుంది. ఏటవాలు రోలరు రెండింటినీ భరిస్తుంది. నూట పాతికేళ్లు దాటినా జీపులూ లారీలూ ఇంకా దాన్నే నమ్ముకుని నడుస్తున్నాయి.

వెనక ఇరుసుల్లో రెండు పద్ధతులున్నాయి. మీ బండి ఏ రకమో తెలుసుకోవడం మొదటి పని. మొదటిది ఫుల్ ఫ్లోటింగ్. ఇందులో హబ్బు రెండు బేరింగుల మీద, ఇరుసు గొట్టం చివరనే కూర్చుంటుంది. బరువంతా గొట్టం మోస్తుంది. లోపలి షాఫ్టు పని చక్రాన్ని తిప్పడం వరకే. షాఫ్టు విరిగినా చక్రం దాని చోట అది ఉంటుంది. లారీలకు ఈ ఏర్పాటే ఉంటుంది. రెండో ప్రపంచ యుద్ధంలో తిరిగిన విల్లీస్ జీపుకూ ఇదే ఉండేది. రెండోది సెమీ ఫ్లోటింగ్. ఇందులో షాఫ్టే చక్రాన్ని తిప్పుతుంది, బరువు కూడా అదే మోస్తుంది. ఇరుసు చివర బేరింగు ఉంటుంది. ఆ బేరింగు నలిగిపోయినా, షాఫ్టు విరిగినా చక్రం బయటికి వచ్చేసే ప్రమాదం ఉంది. మహీంద్రా వాళ్లు బొంబాయిలో విల్లీస్ జీపులు బిగించడం మొదలుపెట్టాక, మన దేశంలో ఏళ్ల తరబడి తిరిగిన సీజే-3బీ రకం జీపులకు ఈ సెమీ ఫ్లోటింగ్ ఇరుసే ఉంది. అందుకే మన పాత జీపుల విషయంలో వెనక బేరింగును తేలిగ్గా తీసుకోకూడదు.

ఇప్పుడు నీళ్ల సంగతి. సీలు బాగానే ఉన్నా నీళ్లు లోపలికి ఎలా పోతాయని చాలామంది అడుగుతారు. మందస కొండ దారిలో దిగి వచ్చిన బండిని ఊహించుకోండి. బ్రేకులు నొక్కి నొక్కి డ్రమ్ములు, హబ్బులు కాలిపోతుంటాయి. లోపల ఉన్న గాలి కూడా వేడెక్కి వ్యాకోచిస్తుంది. అదే వేడితో బండిని గెడ్డలోకి దించితే హబ్బు ఒక్కసారిగా చల్లబడుతుంది, లోపలి గాలి కుంచించుకుపోతుంది. వేడి చెంబును నీళ్లలో బోర్లిస్తే నీళ్లు పైకి లాక్కున్నట్టు, హబ్బు కూడా సీలు పెదవి పక్కనుంచి నీళ్లను లోపలికి లాక్కుంటుంది. సీలు ఏమాత్రం అరిగి ఉన్నా ఈ లాగుడుకు ఆగలేదు. కాబట్టి నీళ్లలో దిగే ముందు కాసేపు బండి ఆపండి. హబ్బులు చల్లారాక దించండి. దీనికి ఖర్చు లేదు, ఓపిక చాలు.

ఇదే కథ డిఫరెన్షియల్ హౌసింగులో కూడా నడుస్తుంది. హౌసింగు పైన బ్రీదర్ అని ఒక చిన్న టోపీ ఉంటుంది. లోపలి గాలి వేడెక్కినప్పుడు బయటికి పోవడానికి, చల్లబడినప్పుడు తిరిగి రావడానికి అదొక్కటే దారి. బురద, ఇసక పట్టి అది మూసుకుపోతే, వేడెక్కిన గాలి నూనెను సీళ్ల మీదకి తోస్తుంది. సీలు మార్చిన నెలకే మళ్లీ కారుతోందంటే సీలు నాసిరకమని తిట్టే ముందు బ్రీదర్ చూడండి. విప్పి కిరసనాయిలుతో కడిగి, గాలి ధారాళంగా ఆడుతోందో లేదో నోటితో ఊది చూస్తే చాలు. తరచూ గెడ్డలు దాటే బండికైతే బ్రీదర్ స్థానంలో రబ్బరు గొట్టం తగిలించి, దాన్ని ఛాసిస్ పై ఎత్తుకు కట్టించండి. నీటి మట్టం కంటే గొట్టం చివర పైన ఉంటే లోపలికి నీళ్లు రావు.

ఇక ఇసక. శ్రీకాకుళం తీరం ఇసకలో ఇల్మనైట్, గార్నెట్, సిల్లిమనైట్ లాంటి బరువైన ఖనిజాలు కలిసి ఉన్నాయి. భావనపాడు తీరం వీటికి పేరు పొందింది. గార్నెట్‌ను కొన్ని రకాల శాండ్ పేపర్లలో వాడతారు. అంటే లోహాన్ని, కొయ్యను అరగదీసే సరుకు అది. మామూలు తెల్ల ఇసక కూడా బేరింగు ఉక్కును గీరేంత గట్టిది. అలాంటి రేణువు సీలు దాటి గ్రీజులో కలిసిందంటే ఆ గ్రీజు కందెనగా పనిచేయడం మానేసి అరగదీసే ముద్దగా మారుతుంది. దానికి ఉప్పు తోడైతే రోలర్లకు తుప్పు పడుతుంది. సముద్రపు నీటిలో లీటరుకు సుమారు 35 గ్రాముల ఉప్పు ఉంటుంది. ఉప్పు నీరు తగిలిన హబ్బుతో తిరుగుతున్న బండి కంటే, తిరగకుండా నిలిపేసిన బండి ఎక్కువ పాడవుతుంది. నిలిచిపోయిన రోలరు కప్పును ఆనుకున్న చోటనే తుప్పు గీత పడుతుంది. తర్వాత బండి కదిలితే ప్రతి చుట్టులోనూ రోలర్లు ఆ గీతల మీద ఎగిరి పడతాయి. అక్కడి నుంచి ఉక్కు పెచ్చులూడడం మొదలవుతుంది.

పాడవుతున్న సంగతి మనకు ఎలా తెలుస్తుంది? మొదటి గుర్తు శబ్దం. వేగం పెరిగేకొద్దీ పెరిగే ఝుంకారం. టైరు శబ్దమూ ఇలాగే ఉంటుంది కాబట్టి తేడా గమనించాలి. తారు రోడ్డు మీద ఒకలా, సిమెంటు రోడ్డు మీద ఒకలా వినిపిస్తే అది టైరు. రోడ్డు మారినా మారకుండా, మలుపుల్లో పెరిగి తగ్గుతుంటే అది బేరింగు. ఎడమకు తిరిగినప్పుడు బరువు కుడి వైపు పడుతుంది. అప్పుడు శబ్దం పెరిగితే కుడి హబ్బును అనుమానించాలి. రెండో గుర్తు వేడి. ఓ పది కిలోమీటర్లు నడిపాక, బ్రేకు ఎక్కువ వాడకుండా ఆపి, చెయ్యి దగ్గర పెట్టి రెండు వైపులా పోల్చండి. ఒకటి చాలా ఎక్కువ వేడిగా ఉంటే అక్కడ పని ఉంది. మూడో గుర్తు ఆట, అంటే అదనపు కదలిక. బండి జాకీ మీద ఉన్నప్పుడు టైరును పైన ఒక చేత్తో, కింద ఒక చేత్తో పట్టి ఊపాలి. నాలుగోది నూనె జాడ. టైరు లోపలి గోడ మీద, బ్రేకు ప్లేటు కింద తడి కనిపిస్తే సీలు పోయినట్టే. ఆ నూనె బ్రేకు లైనింగు మీదకి చేరితే బ్రేకు నొక్కినప్పుడు బండి ఒక పక్కకు లాగుతుంది. నూనె తాగిన లైనింగును కడిగి వాడొద్దు. మార్చాలి, అదీ రెండు వైపులా.

ఒక చిన్న పరీక్ష చెబుతాను. చక్రాన్ని గాల్లోకి లేపి, ఒక చేత్తో మెల్లగా తిప్పుతూ, రెండో చెయ్యి ఆ పక్కనున్న స్ప్రింగు పట్టీ మీద ఆనించండి. చెవికి అందని గరగర వేలికి అందుతుంది. అనుభవం ఉన్న మేస్త్రీలు ఇలాగే పట్టేస్తారు. కుర్రాళ్లు మొదట మంచి హబ్బు మీద చెయ్యి పెట్టి నేర్చుకోవాలి. మంచిది ఎలా ఉంటుందో తెలిస్తేనే చెడ్డది తెలుస్తుంది.

ఇప్పుడు విప్పే పనికి వద్దాం. పని కంటే ముందు ప్రాణం. ఉద్దానం ఇసకలో జాకీ నేరుగా పెట్టొద్దు, కింద వెడల్పాటి చెక్క వేయండి. జాకీ ఒక్కదాన్నే నమ్మి బండి కిందకి దూరొద్దు, స్టాండ్లు పెట్టండి. ముందు చక్రాలకు ముందూ వెనకా అడ్డురాళ్లు పెట్టండి. పాత జీపుల్లో ఇది మరీ ముఖ్యం. వాటిలో హ్యాండ్ బ్రేకు చక్రాల దగ్గర పట్టదు, గేరుపెట్టె వెనకాల షాఫ్టును పట్టుకుంటుంది. ఒక వెనక చక్రం గాల్లోకి లేచిందంటే డిఫరెన్షియల్ దారిలో అది వదులుగా తిరిగిపోతుంది, నేల మీదున్న రెండో చక్రమూ కదలగలదు. హ్యాండ్ బ్రేకు లాగి ఉన్నా బండి జాకీ మీంచి జారుతుంది. ఇంకో మాట. డ్రమ్ము విప్పాక లోపలి దుమ్మును గాలితో ఊదొద్దు. పాత లైనింగుల్లో ఆస్బెస్టాస్ ఉండేది. ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోతే జీవితాంతం వదలని జబ్బు. తడిగుడ్డతో తుడవండి.

సీజే రకం జీపులో హబ్బు చివర సన్నబడిన షాఫ్టు మీద కీతో బిగిసి ఉంటుంది. దాన్ని తీయడానికి పుల్లరు కావాలి. షాఫ్టు నట్టును వదులు చేసి, మర చివరన అలాగే ఉంచి పుల్లరు బిగించండి. హబ్బు ఒక్కసారిగా ఊడినా నట్టు దగ్గరే ఆగుతుంది, మీ మీదకి రాదు. పుల్లరు రాకపోతే షాఫ్టు చివర సుత్తితో బాదడం కొన్నిచోట్ల అలవాటు. ఆ అలవాటు మానాలి. ఆ దెబ్బ షాఫ్టు పొడవునా పోయి మధ్యలోని థ్రస్ట్ బ్లాకుకు, అవతలి వైపు బేరింగుకు తగులుతుంది. ఒక హబ్బు తీయబోయి రెండో హబ్బును పాడుచేసినట్టవుతుంది. బ్రేకు ప్లేటు తీసేటప్పుడు దాని వెనకున్న పల్చటి షిమ్ములు ఏ వైపువి ఎన్నో రాసిపెట్టుకోండి. షాఫ్టు ఆట ఎంత ఉండాలో నిర్ణయించేవి అవే. పాత జీపు పుస్తకం ప్రకారం ఆ ఆట అంగుళంలో వెయ్యో వంతు నుంచి వెయ్యింట ఆరు వంతుల దాకా, అంటే సుమారు 0.025 నుంచి 0.15 మిల్లీమీటర్లు. కంటికి ఆనేది కాదు, డయల్ గేజితో కొలవాలి. షిమ్ములు రెండు వైపులా సమానంగా ఉంచాలి.

బయటికి తీసిన బేరింగును కిరసనాయిలులో కడిగి, గుడ్డతో ఆరబెట్టండి. కంప్రెసరు గాలి పెట్టి గిరగిర తిప్పడం సరదాగా ఉంటుంది కానీ, కందెన లేని బేరింగు ఆ వేగానికి చీలి రోలర్లు బుల్లెట్లలా ఎగిరిన సందర్భాలున్నాయి. కడిగాక వెలుతురులో చూడండి. నీలి రంగు తిరిగితే వేడికి ఉక్కు పదును పోయింది. గుంటలు, పెచ్చులు, రోలర్ల దూరంలో వరుసగా గీతలు కనిపిస్తే పక్కన పెట్టేయండి. కోను మార్చితే కప్పు కూడా మార్చాలి. పాత కప్పులో కొత్త కోను ఇమడదు, త్వరలోనే రెండూ పోతాయి. కొత్త బండ్లలో కొన్నింటికి గ్రీజు నింపి మూసేసిన బేరింగు వస్తుంది. దాన్ని కాలరుతో షాఫ్టు మీదకి ప్రెస్సులో ఎక్కిస్తారు. అది విప్పి గ్రీజు పెట్టేది కాదు, పాడైతే ప్రెస్సు ఉన్న చోటనే మార్పించాలి.

సీలు దగ్గర ఇంకా శ్రద్ధ కావాలి. పాత సీలును ఎప్పుడూ తిరిగి వాడొద్దు. హబ్బు మొత్తంలో చవకైన భాగం అదే. అది పోతే ఖరీదైనవన్నీ పోతాయి. సీలు పెదవి, దాని చుట్టూ ఉండే సన్నటి స్ప్రింగు నూనె ఉన్న వైపుకి తిరిగి ఉండాలి. పెదవికి వేలితో గ్రీజు రాయాలి. పొడిగా ఎక్కిస్తే మొదటి కిలోమీటర్లలోనే కాలిపోతుంది. షాఫ్టు మర, కీ గాడి సీలును కోసేస్తాయి కాబట్టి వాటి మీద టేపు చుట్టి సీలు దాటించండి. చదునైన కొయ్య ముక్క పెట్టి చుట్టూ సమంగా తట్టి కూర్చోబెట్టండి. షాఫ్టు మీద సీలు రాసుకునే చోట గోరుతో తడిమి చూడండి. గోరు ఆగేంత గాడి పడి ఉంటే ఎంత మంచి సీలైనా కారుతుంది. లేతు షాపులో స్లీవ్ వేయించండి, లేదా సీలును కాస్త ముందుకో వెనక్కో కూర్చోబెట్టి కొత్త చోట రాసుకునేలా చేయండి.

గ్రీజు విషయం. మామూలుగా హబ్బులకు వాడేది రెండో నెంబరు లిథియం గ్రీజు. అది సుమారు 180 డిగ్రీల సెల్సియస్ దాకా కరిగి కారదు. పాత రకం కాల్షియం గ్రీజు నీటికి బాగా ఆగుతుంది కానీ బ్రేకు వేడికి ఆగదు. సముద్రం ఒడ్డున తిరిగే బండికి నీటిని తట్టుకునే లిథియం కాంప్లెక్స్ గాని, పడవలకు వాడే రకం గాని మేలు. డబ్బా మీద ఏ రకమో చదివి కొనండి. రంగు చూసి పోల్చొద్దు, రంగు కలిపేది కంపెనీ ఇష్టం. రెండు రకాలు కలిపితే కొన్నిసార్లు పల్చబడి కారిపోతాయి. అందుకే పాత గ్రీజు పూర్తిగా కడిగేశాకే కొత్తది పెట్టాలి. అరచేతిలో గ్రీజు ముద్ద పెట్టుకుని, బేరింగు వెడల్పు అంచును దానికేసి నొక్కుతూ, అవతలి అంచు నుంచి రోలర్ల మధ్య గ్రీజు బయటికి వచ్చేదాకా చుట్టూ నింపండి. బేరింగును నిండా నింపాలి, హబ్బు ఖాళీని మాత్రం నింపొద్దు. అక్కడ పల్చటి పూత చాలు. ఎక్కువైన గ్రీజు వేడికి పొంగి సీలును తోసుకుని బ్రేకులోకి పోతుంది.

ఫుల్ ఫ్లోటింగ్ హబ్బులో చివరి పని నట్టు సర్దడం. చక్రాన్ని తిప్పుతూనే నట్టు బిగించాలి. తిప్పడం బరువుగా తోచగానే ఆగి, వెనక్కి వదలాలి. విల్లీస్ పుస్తకంలో ఆరో వంతు చుట్టు వెనక్కి అని ఉంది. మీ బండికి దాని పుస్తకం చెప్పిందే కొలత. తర్వాత లాక్ వాషరు వేసి, రెండో నట్టు బిగించి, వాషరు అంచు మడవాలి. సీజే రకంలో షాఫ్టు నట్టు గట్టిగా బిగించాలి. కాటర్ పిన్ను రంధ్రం కలవకపోతే నట్టును ఇంకాస్త బిగించి కలపాలి, వదులు చేసి కలపకూడదు. వదులైన హబ్బు కీని కోసేస్తుంది. ఇంకొకటి. పాత జీపుల్లో ఎడమ వైపు చక్రాల నట్లు ఎడమ మర. తెలియక కుడి చేతి వాటంగా బలం పెడితే స్టడ్డు తెగుతుంది.

అన్నీ బిగించాక ఓ పది కిలోమీటర్లు నడిపి, హబ్బు వేడి, నట్లు మళ్లీ చూడాలి. డిఫరెన్షియల్ నూనె కూడా చూడాలి. పాల రంగు తిరిగి ఉంటే అందులో నీళ్లు కలిశాయి. ఆ నూనె మొత్తం పారబోసి కొత్తది పోయాలి. నూనె మట్టం, నూనె పోసే రంధ్రం అంచుకు మించకూడదు. ఎక్కువ పోసినా సీళ్ల మీదకే వస్తుంది.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గరే తీరం దాటింది. గంటకు 140 నుంచి 150 కిలోమీటర్ల గాలి. ఉద్దానంలో తరాలుగా పెంచుకున్న కొబ్బరి, జీడి చెట్లు నేలకూలాయి. దారులు మూసుకుపోయాయి. అలాంటి రోజుల్లో మంచినీళ్లు, బియ్యం, రోగులను చేరవేసేది పల్లెకు పోగలిగిన జీపు, ట్రాక్టరు, పికప్పు. నీళ్లు నిలిచిన పల్లాల్లో అవి దిగక తప్పదు. అప్పుడు అవి చేసే సేవ అందరికీ గుర్తుంటుంది. నీళ్లు తగ్గాక వాటి హబ్బులు విప్పాలన్న సంగతి మాత్రం ఎవరికీ గుర్తుండదు. 2013లో ఫైలిన్, 2014లో హుద్‌హుద్ కూడా అక్టోబరు నెలలోనే వచ్చాయి. మన తీరానికి ఆ నెల ఎలాంటిదో మీకు చెప్పనక్కర్లేదు.

అందుకని ఒక పద్ధతి పెట్టుకోండి. సెప్టెంబరులోనే వెనక హబ్బుల ఆట చూసి, బ్రీదర్ శుభ్రం చేసి, అరిగిన సీళ్లు మార్చండి. గెడ్డ నీటిలో హబ్బు మునిగితే సాయంత్రం కాసేపు నడిపి, వేడి, శబ్దం గమనించి, డిఫరెన్షియల్ నూనె చూడండి. ఉప్పు నీటిలో హబ్బు మునిగితే బయటినుంచి మంచినీళ్లతో కడిగి, ఆ వారంలోనే విప్పించండి. వరదలో రాత్రంతా నిలిచిపోయిన బండినైతే విప్పకుండా దూరం నడపొద్దు. తేదీ, ఏ నీరు, ఏం మార్చారు అని బండి పుస్తకం చివరి పేజీలో రాసుకోండి. ఆ పేజీయే మీ నీళ్ల లెక్క.

బండి యజమానులకు ఒక విన్నపం. మేస్త్రీ సీలు మార్చాలంటే, కప్పూ కోనూ జతగా మార్చాలంటే, డయల్ గేజితో కొలవడానికి ఇంకో పూట పడుతుందంటే కాదనకండి. ఆ పూట కూలి ఇవ్వండి. పని నేర్చుకుంటున్న తమ్ముళ్లకు కూడా ఒక మాట. మీరు బిగించిన నట్టు మీద పదిమంది కూర్చుని కొండ దిగుతారు. తెలియని కొలత ఉంటే అడగడానికి సిగ్గుపడొద్దు, అనుమానం ఉంటే మళ్లీ విప్పడానికి బద్ధకించొద్దు. జీపు ఎక్కే ప్రయాణికులు కూడా వెనక చక్రం దగ్గర శబ్దం వినిపిస్తే డ్రైవరుకు చెప్పండి. చెప్పడం మీ హక్కు. విని బండి ఆపి చూడడం ఆయన బాధ్యత.